ఎనిమిది గంటల్లో ఎక్కువ పని

జర్మనీలోని ఐసెనాక్ పట్టణంలో 1840ల చివర ఒక చిన్న పిల్లవాడు మధ్యాహ్నం వేళ నూలు మిల్లుకు భోజనం గిన్నె పట్టుకెళ్లేవాడు. తండ్రి ఆ మిల్లులో కార్మికుడు. గిరాకీని బట్టి రోజుకు 14 గంటలు, 15 గంటలు, ఒక్కోసారి 16 గంటలు పని. భోజన విరామం అన్నదే లేదు. యంత్రానికి ఆనుకుని నిలబడే గబగబా తినేసి, ఖాళీ గిన్నె కొడుకు చేతికిచ్చి ఆయన మళ్లీ పనిలో పడేవాడు. మంచి దేహదారుఢ్యం ఉన్న తన తండ్రి 48 ఏళ్లకే ముసలివాడైపోయాడని ఆ కొడుకు పెద్దయ్యాక చెప్పుకొన్నాడు. ఆ కొడుకు పేరు ఎర్న్‌స్ట్ అబే. సూక్ష్మదర్శినిలో ప్రతిబింబం ఎలా ఏర్పడుతుందో 1873లో సిద్ధాంతీకరించిన భౌతిక శాస్త్రవేత్త. యేనా నగరంలోని కార్ల్ జైస్ కంపెనీని చిన్న కార్ఖానా స్థాయి నుంచి ప్రపంచ ప్రఖ్యాత సంస్థగా మార్చిన సారథి.

1900లో అబే జైస్ కర్మాగారంలో పనిదినాన్ని 9 గంటల నుంచి 8 గంటలకు తగ్గించారు. మంచి మనసుతో చేసిన పని అని అక్కడితో వదిలేయలేదు, కొలిచి చూశారు. చేసిన పనిని బట్టి కూలి పొందే 233 మంది లెక్కలు తీయించి, తగ్గింపుకు ముందు ఏడాదినీ తర్వాతి ఏడాదినీ పోల్చారు. గంటకు ఉత్పత్తి సుమారు 16 శాతం పెరిగిందని తేలింది. పోయిన ఆ ఒక్క గంట నష్టం పూడాలంటే 12.5 శాతం పెరిగితే చాలు. అంటే 9 గంటల్లో జరిగినదానికంటే 8 గంటల్లో కాస్త ఎక్కువ పనే జరిగింది. మనిషి శరీరంలో రోజూ ఖర్చయ్యే శక్తి ఆ రాత్రి విశ్రాంతితో తిరిగి నిండకపోతే, రోజువారీ లోటు పేరుకుపోయి చివరికి పనినే తినేస్తుందని ఆయన 1901లో ఇచ్చిన ఉపన్యాసాల్లో వివరించారు. నూటపాతికేళ్ల కిందట తూనికలూ కొలతలతో తేల్చిన విషయమిది.

మన దేశంలో మాత్రం ఈ చర్చ ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది. యువత వారానికి 70 గంటలు పనిచేయాలని ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుడు నారాయణమూర్తి 2023 అక్టోబరులో అన్నారు. 90 గంటలు పనిచేయాలనీ, ఆదివారం కూడా పని చేయించలేకపోతున్నందుకు విచారిస్తున్నాననీ ఎల్ అండ్ టీ చైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ అన్న మాటలు 2025 జనవరిలో దుమారం లేపాయి. మాటలు మాటల దగ్గరే ఆగలేదు. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజువారీ పని పరిమితిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచాలని నిర్ణయించింది. మూడు నెలల కాలంలో ఓవర్‌టైమ్ పరిమితి 75 గంటల నుంచి 144 గంటలకు వెళ్లింది. ఆ మరుసటి నెలలోనే తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల వరకు పనికి వీలు కల్పించింది. వారానికి 48 గంటల పరిమితిని మాత్రం ఉంచింది. రెండుచోట్లా చెప్పిన కారణం ఒకటే: పెట్టుబడులు రావాలి, వ్యాపారం సులభం కావాలి.

పెట్టుబడులు రావాలన్న తపనను తప్పుపట్టలేం. తెలుగు యువతకు ఉద్యోగాలు కావాలి. కానీ పనిగంటలు పెంచితే ఉత్పాదకత పెరుగుతుందన్న నమ్మకాన్ని మాత్రం ప్రశ్నించాలి. ఉత్పాదకత అంటేనే గంటకు ఎంత విలువ సృష్టి జరిగిందన్న లెక్క. గంటలు పెంచితే మొత్తం ఉత్పత్తి కొంత పెరగవచ్చు, ఉత్పాదకత పెరిగినట్టు కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కల ప్రకారం భారతీయ కార్మికుడు వారానికి సగటున సుమారు 47 గంటలు పనిచేస్తున్నాడు. ప్రపంచంలో ఎక్కువసేపు పనిచేసేవారి వరుసలో మనం ఇప్పటికే ముందున్నాం. జర్మనీలో ఒక ఉద్యోగి ఏడాది మొత్తానికి పనిచేసేది సగటున దాదాపు 1,340 గంటలు. సంపన్న దేశాల్లో అందరికంటే తక్కువ పనిగంటలు అక్కడే.

నారాయణమూర్తి తన వాదనకు రెండో ప్రపంచ యుద్ధానంతర జర్మనీ, జపాన్‌లనే ఉదాహరణగా చూపారు. ఆ మాటలో సగం నిజం ఉంది. బూడిద కుప్పల్లోంచి లేచిన ఆ రెండు దేశాల ప్రజలూ మొదటి ఏళ్లలో విపరీతంగా శ్రమించారు. మిగతా సగం ఏమిటంటే, జర్మనీలో 1956 నాటికే కార్మిక సంఘాలు వారానికి ఐదు రోజులు, 40 గంటల పని కోసం ఉద్యమం ప్రారంభించి దశలవారీగా సాధించుకున్నాయి, ఆర్థిక వ్యవస్థ కుప్పకూలలేదు. జపాన్ అతి పనితో ప్రాణాలు పోవడాన్ని అరికట్టేందుకు 2014లో ప్రత్యేకంగా చట్టమే చేసుకోవాల్సి వచ్చింది. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో సంయుక్తంగా ప్రకటించాయి. ఒక్క 2016లోనే ఇలా పోయిన ప్రాణాలు 7.45 లక్షలని ఆ అధ్యయనం అంచనా.

అందుకే ఆ రెండు దేశాల్లో ఎన్ని గంటలు పనిచేశారన్న ప్రశ్న దగ్గర ఆగకూడదు. అక్కడ నిలదొక్కుకున్న సంస్థలు పనిని ఎలా మలచుకున్నాయో చూడాలి.

జపాన్‌లో ఆ కథ ఒక మగ్గం దగ్గర మొదలవుతుంది. సకిచి టొయోడా 1867లో ఒక వడ్రంగి ఇంట పుట్టాడు. తల్లి, ఊళ్లోని ఇతర ఆడవాళ్లు రాత్రి పొద్దుపోయేదాకా చేతిమగ్గం మీద కష్టపడటం చూస్తూ పెరిగాడు. 1891లో మెరుగైన చెక్క మగ్గానికి తొలి పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత ఆయన జీవితమంతా మగ్గాల చుట్టూనే తిరిగింది. ఆయన ఆలోచనల్లో అన్నిటికంటే గొప్పది చాలా చిన్నది: దారం తెగితే మగ్గం దానంతటదే ఆగిపోవాలి. అంతకుముందు దారం తెగినా మగ్గం ఆడుతూనే ఉండేది, గజాలకొద్దీ బట్ట పాడయ్యేది. దాన్ని కనిపెట్టడానికి ఒక మనిషి మగ్గం ముందే నిలబడి కళ్లార్పకుండా చూడాలి. యంత్రమే తన తప్పును తాను పట్టుకుని ఆగడం మొదలయ్యాక ఒక్క మనిషి పదుల కొద్దీ మగ్గాలు చూసుకోగలిగాడు. 1924లో వచ్చిన ఆయన జి-రకం స్వయంచాలక మగ్గం పేటెంట్ హక్కులను 1929లో ఇంగ్లండ్‌కు చెందిన ప్లాట్ బ్రదర్స్ కొనుక్కుంది. అప్పటికి ప్రపంచానికి మగ్గాలు అమ్మే దేశం ఇంగ్లండ్. సకిచి కొడుకు కిచిరో మోటారు వాహనాల ప్రయోగాలకు దిగిందీ ఆ కాలంలోనే. 1937లో టొయోటా మోటార్ కంపెనీ పుట్టింది.

తెలుగు పాఠకులకు ఈ కథ వినగానే మరొక తల్లి, మరొక కొడుకు గుర్తుకు రావాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆరో తరగతితోనే చదువు ఆపేసిన చేనేత బిడ్డ. పోచంపల్లి చీరకు రంగులద్దే ముందు దారాన్ని అర్ధచంద్రాకారంలో అమర్చిన మేకుల చుట్టూ చేత్తో తిప్పుతూ ఆసు పోయాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు పైకీ కిందకీ ఆడాలి. రోజుకు రెండు చీరలకు ఆసు పోసే ఇంట్లో అది 18,000. తల్లి లక్ష్మి భుజాలు, మోచేతులు ఆ పనితో పట్టేసి, ఇక తన వల్ల కాదన్న స్థితికి చేరింది. 1992లో మొదలుపెట్టిన కొడుకు ఏడేళ్లు అప్పులు చేసి, ఊళ్లో పిచ్చివాడన్న మాట పడి, 1999 నాటికి ఆసు యంత్రాన్ని పూర్తి చేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. నాలుగైదు గంటలు పట్టే ఆసు గంటన్నరలో ముగుస్తోంది. 2017లో మల్లేశానికి పద్మశ్రీ వచ్చింది. మన నేల మీద ఉత్పాదకతకు ఇంతకంటే స్వచ్ఛమైన నిర్వచనం దొరకదు. ఆ తల్లికి ఇంకో రెండు గంటలు కూర్చొమ్మని ఎవరూ చెప్పలేదు. చెప్పినా భుజం సహకరించేది కాదు.

టొయోటా దగ్గరికి తిరిగి వద్దాం. 1950లో ఆ కంపెనీ దివాలా అంచుకు చేరింది. కార్మికులను తొలగించాల్సి వచ్చింది, సమ్మె జరిగింది. బాధ్యత తనదేనంటూ కిచిరో టొయోడా అధ్యక్ష పదవికి రాజీనామా చేశారు. ఆ దెబ్బ నుంచి పుట్టిందే ప్రపంచమంతా టొయోటా పద్ధతిగా పిలుచుకునే విధానం. దాన్ని తీర్చిదిద్దిన తయిచి ఒనో టొయోడాల నూలు, నేత కంపెనీ నుంచి కార్ల కంపెనీకి వచ్చిన ఇంజినీరు. తెగిన దారం దగ్గర ఆగే మగ్గం సూత్రాన్ని ఆయన మనుషులకు వర్తింపజేశారు. కార్లు తయారయ్యే లైను పొడవునా ఒక తాడు వేలాడుతుంటుంది. ఏ కార్మికుడికైనా తేడా కనిపిస్తే తాడు లాగవచ్చు. వెంటనే బృంద నాయకుడు పరుగెత్తుకు వస్తాడు. ఆ కాస్త వ్యవధిలో సరిచేయలేకపోతే లైను మొత్తం ఆగిపోతుంది.

ఇందులోని విప్లవం ఎంతటిదో నాటి అమెరికన్ కార్ల పరిశ్రమతో పోలిస్తే గానీ అర్థం కాదు. అక్కడ లైను ఆపడం మహాపరాధం. బోల్టు సరిగా బిగుసుకోకపోయినా కారు ముందుకు సాగిపోవాలి, చివర్లో మరమ్మతు విభాగం చూసుకుంటుంది. రోజుకు ఎన్ని కార్లు బయటికి వచ్చాయన్నదే మేనేజర్ల లెక్క. టొయోటాలో లైను ఆపడం కార్మికుడి విధి. ఆపినవాడిని ఎందుకు ఆపావని నిలదీయరు, ఏం కనిపించిందని అడుగుతారు. ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న దూరమే రెండు పరిశ్రమల మధ్య దూరమైంది.

దీనికి రుజువు కాలిఫోర్నియాలో దొరికింది. ఫ్రీమాంట్ పట్టణంలోని జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ ఆ కంపెనీలోనే అధ్వానమైనదిగా పేరుపడింది. ఏ రోజు చూసినా ఐదో వంతు మంది గైర్హాజరు. వచ్చినవారిలో తాగి వచ్చేవారు, కోపంతో కావాలని కార్లలో లోపాలు వదిలేసేవారు. 1982లో కంపెనీ దాన్ని మూసేసింది. 1984లో జనరల్ మోటార్స్, టొయోటా కలిసి ‘నమ్మి’ అనే ఉమ్మడి సంస్థగా దాన్ని మళ్లీ తెరిచాయి. నిర్వహణ టొయోటాది. కార్మికుల్లో ఎక్కువమంది ఆ పాతవారే, అదే యూనియన్. బృంద నాయకులను జపాన్ పంపి పని చూపించారు, తాడు చేతికిచ్చారు. ఒకట్రెండేళ్లలోనే ఆ ఫ్యాక్టరీ జనరల్ మోటార్స్‌లో అత్యుత్తమ నాణ్యత ఉన్నవాటిలో ఒకటైంది. గైర్హాజరు రెండు మూడు శాతానికి దిగింది. మనుషులు మారలేదు. వాళ్లను పనిలో ఎలా చూస్తారన్నది మారింది. సోమరిపోతులన్న ముద్ర వేసుకుని ఇంటికెళ్లినవారే మళ్లీ వచ్చి దేశం మెచ్చే కార్లు చేశారు.

మరింత బాధ కలిగించేది తర్వాతి భాగం. తన కళ్లముందే జరిగిన ఈ మార్పును జనరల్ మోటార్స్ మిగతా ఫ్యాక్టరీలకు తీసుకెళ్లలేకపోయింది. తాడు కట్టడం తేలికే. లాగినవాడి మాట వినే మేనేజర్లు ఉండాలి, లైను ఆగిన ఆ కాసేపటి నష్టానికి తిట్టని పై అధికారులు ఉండాలి. కొన్నిచోట్ల తాడు వేలాడింది, లాగితే మాత్రం అరుపులే వినిపించాయి. 2009లో ఆ మహా సంస్థ దివాలా రక్షణ కోరింది. ఆ మరుసటి ఏడాది ‘నమ్మి’ కూడా మూతపడింది. అదే స్థలంలో ఇప్పుడు టెస్లా కార్లు తయారవుతున్నాయి.

టొయోటాను దేవుడి గదిలో పెట్టనక్కర్లేదు. 2009-10లో లక్షల కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చినప్పుడు కంపెనీ అధ్యక్షుడు అకియో టొయోడా అమెరికన్ కాంగ్రెస్ ముందు నిలబడి, మనుషులను, సంస్థను తీర్చిదిద్దుకునే వేగాన్ని మించి ఎదిగామని ఒప్పుకొన్నారు. ఇంకా పెద్ద గాయం సొంత ఇంట్లోనే తగిలింది. టొయోటా పూర్తి యాజమాన్యంలోని దైహత్సు భద్రతా పరీక్షల్లో దశాబ్దాలుగా అక్రమాలు చేస్తోందని 2023 డిసెంబరులో బయటపడింది. 64 మోడళ్ల లెక్కలు తేడాగా తేలాయి, పాతవి 1989 నాటివి. కార్ల సరఫరా మొత్తం ఆగిపోయింది. విచారణ జరిపిన స్వతంత్ర సంఘం ప్రధానంగా వేలెత్తి చూపింది ఊపిరాడని గడువులను. పరీక్షకు ఒక్కటే అవకాశం, ఫలితం ఎలాగైనా రావాల్సిందే, కుదరదని పైవాళ్లకు చెప్పే దారి లేదు. తాడు కనిపెట్టిన కుటుంబంలోనే ఒక కంపెనీ ఉద్యోగుల చేతికి తాడు అందలేదు. ఒత్తిడి పెంచితే పని త్వరగా అవుతుందనుకునేవారు చదవాల్సిన నివేదిక అది. అక్కడ త్వరగా అయింది కాగితాల మీద మాత్రమే.

పనిగంటల చర్చలో హెన్రీ ఫోర్డ్ పేరు తప్పక వస్తుంది. 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైను పెట్టి, ఒక కారు ఛాసిస్ బిగించే కాలాన్ని పన్నెండున్నర గంటల నుంచి 93 నిమిషాలకు దించారాయన. కానీ రోజంతా ఒకే బోల్టు బిగించే పనిని మనుషులు భరించలేకపోయారు. 14,000 మందిని పనిలో నిలబెట్టుకోవడానికి ఆ ఏడాది 52,000 మందికి పైగా నియమించుకోవాల్సి వచ్చింది. 1914 జనవరి 5న ఫోర్డ్ రోజు కూలిని సుమారు రెట్టింపు చేసి 5 డాలర్లన్నారు, పనిని 9 గంటల నుంచి 8కి తగ్గించారు. తొమ్మిదేసి గంటల రెండు షిఫ్టుల స్థానంలో ఎనిమిదేసి గంటల మూడు షిఫ్టులు వచ్చాయి, ఫ్యాక్టరీ 24 గంటలూ నడిచింది. వదిలి వెళ్లేవారి సంఖ్య అమాంతం పడిపోయింది. 1926లో వారానికి ఐదు రోజుల పని కూడా తెచ్చారు. ఆ 5 డాలర్ల కోసం కార్మికుల ఇళ్లకు తనిఖీదారులను పంపి వాళ్ల తాగుడు, పొదుపు, సంసారం అన్నీ ఆరా తీయించారు కూడా. కార్మికుడికి విశ్రాంతినిచ్చిన ఆ యజమానే కార్మికుడి ఇంటి మీద పెత్తనమూ కోరుకున్నాడు. ఆయన నుంచి నేర్చుకోవాల్సింది లెక్క మాత్రమే.

ఆఫీసులూ ఆసుపత్రులూ ఫ్యాక్టరీల్లాంటివి కావని కొందరు అనవచ్చు. మదురైలో ఒక ఆసుపత్రి దానికి ఎప్పుడో జవాబిచ్చింది. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయిన డాక్టర్ జి. వెంకటస్వామి 1976లో, 58 ఏళ్ల వయసులో ప్రభుత్వ కొలువు నుంచి విరమించాక, 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి ప్రారంభించారు. శుక్లాలతో చూపు పోయిన పేదలు లక్షల్లో, శస్త్రచికిత్స నిపుణులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఆ కొద్దిమంది డాక్టర్లను పగలూ రాత్రీ పనిచేయమంటే కళ్లు పోయేది రోగులకే. వెంకటస్వామి ఆపరేషన్ గదిని కొత్తగా అమర్చారు. ఒక సర్జన్‌కు రెండు బల్లలు. ఒక బల్ల మీద ఆపరేషన్ జరుగుతుండగా పక్క బల్ల మీద తర్వాతి రోగిని నర్సులు సిద్ధం చేస్తారు. సర్జన్ ఇటు ముగించి అటు తిరుగుతాడు. రోగిని తీసుకురావడం, కంటి పరీక్షలు, కట్టు కట్టడం, ధైర్యం చెప్పడం పల్లెల నుంచి ఎంపిక చేసి శిక్షణ ఇచ్చిన యువతుల పని. సర్జన్ చెయ్యి సర్జన్ మాత్రమే చేయగలిగిన పనికే పరిమితం. అలా అక్కడి సర్జన్ ఏడాదికి 2,000 వరకు ఆపరేషన్లు చేయగలుగుతున్నాడు, దేశ సగటుకు ఇది ఎన్నో రెట్లు. కంట్లో అమర్చే లెన్సు విదేశాల నుంచి తెస్తే పేదలకు అందదని 1992లో ఆరోల్యాబ్ స్థాపించి, వంద డాలర్ల వస్తువును పది డాలర్ల దరికి తెచ్చారు. రోగుల్లో సగానికి పైగా ఉచితంగానో నామమాత్రపు రుసుముతోనో చికిత్స పొందుతున్నా, ఆసుపత్రి తన కాళ్ల మీద తాను నిలబడింది.

హైదరాబాద్‌లో 1987లో గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఇదే ఆలోచనను పల్లెల వైపు మళ్లించింది. స్థానిక యువతకు ఏడాది శిక్షణ ఇచ్చి ఊళ్లోని కేంద్రాల్లో కూర్చోబెడితే, అద్దాలతో పోయే సమస్యకు పట్నం రావాల్సిన పనిలేదు. ఆపరేషన్ కావాల్సినవారే పై అంచె ఆసుపత్రికి వెళ్తారు. నిపుణుడి కాలం విలువ తెలిసినవారు దాన్ని పెంచే దారి వెతుకుతారనడానికి మన ఇంట్లోనే ఉన్న సాక్ష్యమిది.

వ్యాపార దిగ్గజాలు తొలినాళ్లలో రాత్రింబవళ్లు పనిచేయలేదా అన్న ప్రశ్న వస్తుంది. చేశారు. మల్లేశం కూడా చేశాడు. సొంత కల కోసం నిద్ర మానుకునే హక్కు ఎవరికైనా ఉంది. కంపెనీ విలువ పెరిగితే అందులో వారికి వాటా ఉంటుంది, పని ఎప్పుడు ఆపాలో వారి చేతిలో ఉంటుంది. ఆ రెండూ లేని ఉద్యోగికి అదే నిద్రలేమిని షరతుగా విధించడం న్యాయం కాదు. మాదాపూర్‌లో అర్ధరాత్రి విదేశీ క్లయింటు కాల్ కోసం మేల్కొని, ఉదయం తొమ్మిదికి మళ్లీ హాజరు వేసుకునే యువతికీ, సిరిసిల్లలో మరమగ్గాల మధ్య 12 గంటల షిఫ్టు చేసే కార్మికుడికీ ఇంకా ఎక్కువ కష్టపడమని చెప్పేముందు, వాళ్ల పనిలో వృథా ఎంతుందో యాజమాన్యం లెక్క తీయాలి. నిర్ణయం కోసం ఎదురుచూపులు, సగం తెలిసిన అవసరంతో మొదలై మూడుసార్లు తిరగరాసిన ప్రాజెక్టు, పాత యంత్రం, తెగిన దారం, వెలుతురు చాలని షెడ్డు. ఇవేవీ కార్మికుడు కల్పించినవి కావు, కార్మికుడు సరిచేయగలిగినవీ కావు.

ఫలం ఎవరికి చేరుతుందన్నది కూడా ఈ లెక్కలో భాగమే. అబే ఇక్కడే అందరికంటే ముందుకు వెళ్లారు. 1889లో కార్ల్ జైస్ పేరుతో ఒక ఫౌండేషన్ పెట్టి, 1891లో కంపెనీలో తన వాటా మొత్తం దానికి రాసిచ్చారు. లాభాలు వారసుల మధ్య పంపకాలకు పోకుండా పరిశోధనకు, కార్మికులకు, యేనా విశ్వవిద్యాలయానికి చేరేలా 1896లో నియమావళి రాశారు. జీతంతో కూడిన సెలవు, పింఛను, లాభాల్లో వాటా అందులో ఉన్నాయి. పై అధికారి జీతం కార్మికుల సగటు జీతానికి పది రెట్లు మించకూడదన్న నిబంధన కూడా ఉంది. అలాంటి కంపెనీ పోటీలో నిలవదని ఇవాళ్టి సలహాదారులు తేల్చేస్తారేమో. 1945లో అమెరికన్ సేనలు వెళ్తూ వెళ్తూ జైస్ శాస్త్రవేత్తలను పశ్చిమానికి తరలించాయి. ఆ వెనకే వచ్చిన సోవియట్ సేనలు ఫ్యాక్టరీ యంత్రాలను విప్పి పట్టుకుపోయాయి. కంపెనీ తూర్పు, పశ్చిమ జర్మనీల మధ్య రెండు ముక్కలై, పేరు కోసం కోర్టుల్లో ఏళ్ల తరబడి పోరాడింది. జర్మనీ ఏకమయ్యాక ఆ ముక్కలు మళ్లీ కలిశాయి. 1846లో పుట్టిన ఆ సంస్థ ఇప్పటికీ ఫౌండేషన్ చేతిలోనే ఉంది. ప్రపంచంలో అత్యాధునిక చిప్‌లను ముద్రించే డచ్ కంపెనీ ఏఎస్ఎంఎల్ యంత్రాల్లోని అద్దాలు జైస్ తయారుచేసేవే. అవి లేకుండా నేటి కృత్రిమ మేధ చిప్‌లు లేవు.

మన రెండు రాష్ట్రాల ముందున్న పని ఇప్పుడు స్పష్టమే. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల్లో వృథా తగ్గించే పద్ధతులు నేర్పడానికి కేంద్రం 2023 మార్చిలో లీన్ పథకాన్ని కొత్తరూపంలో తెచ్చింది. ఫ్యాక్టరీకి వచ్చి పనితీరు సరిచేసే నిపుణుడి ఫీజులో 90 శాతం కేంద్రమే భరిస్తుంది. ఒనో ఫ్యాక్టరీలో పుట్టిన పద్ధతులే అందులోని పాఠాలు. పనిగంటల సడలింపునకు చూపిన చొరవలో కొంతైనా దీనిమీద చూపాలి. సిరిసిల్ల, పాశమైలారం, ఆటోనగర్, నాయుడుపేటల్లో ఎన్ని యూనిట్లు ఈ పథకం వాడుకున్నాయో జిల్లా పరిశ్రమల కేంద్రాలు ఏటా ప్రకటించాలి. పదో గంటకు అనుమతి పొందిన ప్రతి ఫ్యాక్టరీ నుంచి, ప్రమాదాలు షిఫ్టులో ఏ గంటలో జరిగాయో, నాణ్యత లేదని తిరస్కరించిన సరుకు ఏ గంటలో తయారైందో కార్మికశాఖ లెక్కలు అడగాలి. అబే 233 మంది కూలి లెక్కలు చేత్తో రాయించి తేల్చారు. బయోమెట్రిక్ హాజరు, సీసీ కెమెరాలు ఉన్న మన ఫ్యాక్టరీలకు ఆ లెక్క తీయడం వారం రోజుల పని.